కనకదుర్గ కడిగిన ఇసుక

కనకదుర్గ మా పై వాటాలోకి అద్దెకు దిగిన రోజున పాలు పొంగించి, ఆ పాలతోనే కాఫీ పెట్టి నాకు తెచ్చి ఇచ్చింది. ఇస్తూ నా ముఖంలోకి తేరిపార చూసి, "మీ కళ్లు లోపలికి పోయాయండీ బాబాయ్‌గారూ, నిద్ర సరిగ్గా పట్టట్లేదా?" అంది. ఎంత మంచి పిల్ల, వచ్చీ రాగానే నా ఆరోగ్యం గురించి పట్టించుకుంది అని మురిసిపోయాను. ఆ చూపుకు అసలు అర్థం తర్వాతెప్పుడో తెలిసింది. ఆ అమ్మాయి పుట్టింటివాళ్లది చేపల వ్యాపారం. కళ్లు లోపలికి పోయిన చేపను వాళ్లు నిన్నటి సరుకంటారు.

నా పేరు వెంకటకృష్ణారావు. భవానీపురంలో ఈ డాబా నా సొంతం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆఫీసులో అందరినీ కసురుకునేవాణ్ణి. రిటైరయ్యాక కసరడానికి అద్దెకున్నవాళ్లు తప్ప ఎవరూ మిగల్లేదు. అయితే కనకదుర్గను మాత్రం నేను కసిరిన సందర్భాలు తక్కువ. కసిరిన పూట పైనుంచి పులుసు గిన్నె రాదని మొదటి నెలలోనే కనిపెట్టాను.

ఆమె బందరు దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టింది. తండ్రి వేటకు వెళ్తే, తల్లి తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మేది. ఆ వెనకే కనకదుర్గ చిన్న తట్టతో నడిచేది. తండ్రికి ఓపిక తగ్గాక కుటుంబమంతా బెజవాడ వచ్చేసింది. అన్న పోలరాజు ఇక్కడ చేపల కొట్టు పెట్టుకున్నాడు. పెళ్లయినా, ఇంత వయసొచ్చినా, ఆదివారం పూట రద్దీ తట్టుకోవడానికి కనకదుర్గ ఆ కొట్టులో కత్తిపీట ముందు కూర్చోవాల్సిందే. ఒకసారి నా కళ్లముందే ఒకాయన వచ్చి, కిందటి వారం ఇచ్చిన చేప వాసనేసిందని గొడవ పెట్టుకున్నాడు. కనకదుర్గ నొచ్చుకోలేదు. ఏ నూనెలో వేయించారండీ అని అడిగింది. ఆ నూనె ఎప్పుడు కొన్నదో, అంతకుముందు అందులో ఏం వేయించారో నెమ్మదిగా కూపీ లాగింది. చివరికి ఆ పెద్దమనిషి తన నూనెనూ తన భార్యనూ తిట్టుకుంటూ మరో చేప కొట్టించుకుని వెళ్లాడు. ఆయన వెళ్లాక నావైపు తిరిగి, "ఆ చేప నిజంగానే పాడైందండీ" అంది.

ఇంట్లో మాత్రం ఆమె వేరే మనిషి. కొట్టునుంచి రాగానే పెరటి మెట్ల మీదుగా వెళ్లి, తలకు పోసుకుని గానీ గడప దాటేది కాదు. హాల్లో అగరొత్తుల వాసన తప్ప మరొకటి రాకూడదు. చేప అనేది ఇంట్లో ఉండాల్సింది గిన్నెలో, అదీ మూత పెట్టి, అనేది ఆమె కట్టుబాటు. అలాంటి మనిషికి భర్తగా హేమసుందర్ దొరికాడు. దేవుడికి నాకన్నా చిలిపితనం ఎక్కువ.

హేమసుందర్ గన్నవరం ఎయిర్‌పోర్టులో విమానాల్లో వచ్చే సరుకులు దించే చోట పనిచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒకరోజు ఎవరి పేరనో వచ్చిన థర్మోకోల్ పెట్టె తడిసి ఊడిపోతే, మళ్లీ కట్టడానికి తెరిచాడు. లోపల ప్లాస్టిక్ సంచిలో సముద్రపు చేప ఒకటి, నారింజ రంగు మీద తెల్లని పట్టీలతో, అతన్నే చూస్తోందట. అంతే, ఆ చూపుకు పడిపోయాడు. పెళ్లిచూపుల్లో తనను కూడా అంతసేపు చూడలేదని కనకదుర్గ ఫిర్యాదు. ఆ తర్వాత రాత్రీ పగలూ ఫోన్లో వీడియోలు చూసి, అద్దాలు కోయించుకొచ్చి, హాల్లో పెద్ద తొట్టి పెట్టాడు. గాజు తొట్టిలో సముద్రం తయారుచేస్తాడట, పగడాలతో సహా. ఆ బరువుకు నా శ్లాబు ఏమవుతుందోనని నేను కింద పడకకుర్చీని మరో గదిలోకి జరుపుకున్నాను.

ఆ తొట్టి అడుగున పరవడానికి అతను వాడింది కృష్ణ ఇసుక. ఇందులో అతన్ని తప్పుపట్టే బెజవాడ మనిషి ఉండడు. ఇల్లు కట్టాలన్నా, వేరుశనక్కాయలు వేయించాలన్నా కృష్ణ ఇసుకను మించింది భూమ్మీద లేదని మేమంతా నమ్ముతాం. వీధి చివర కట్టుబడి పని జరుగుతున్నచోట మేస్త్రీని బతిమాలి బస్తా నింపుకొచ్చాడు. దానిమీద ఉప్పునీళ్లు పోసి, మర్నాడే చేపల్ని వదిలాడు. ఇసుకలో ఉన్న ఒండ్రు అంతా పైకి లేచి, నీళ్లు పుష్కరాలప్పటి రేవులా తయారయ్యాయి. ఆ మడ్డి పేరుకున్నాక ఇసుకంతా గోధుమరంగు జిగురు కమ్మింది. వారం తిరిగేసరికి చేపలన్నీ తేలాయి. ఆదివారం కొట్టునుంచి వచ్చి, తలస్నానం చేసి, పసుపు రాసుకుని కనకదుర్గ హాల్లోకి అడుగుపెడితే చచ్చిన చేపల వాసన ఎదురొచ్చింది.

ఆ సాయంత్రం తీర్పు నా సమక్షంలోనే జరిగింది. "ఏవండీ, ఇంకొక్కసారే చూస్తాను. ఈసారి ఒక్క చేప చచ్చినా ఈ తొట్టి అన్నయ్య కొట్టుకి పోద్ది. కొరమేనులు వేసుకుంటాడు" అంది. హేమసుందర్ తల ఊపాడు.

ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదు. మా ఊళ్లో కొరమేనును బతికుండగానే చూసి ఎంచుకుని, కళ్లముందే కొట్టించుకుంటేగానీ ఎవరికీ తృప్తి ఉండదు. పోలరాజు వాటిని ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంచుతాడు. కొనేవాళ్లు వంగి డ్రమ్ములోకి చూడాలి, చూసినప్పుడల్లా చేప తోక విసిరి వాళ్ల చొక్కా తడపాలి. గాజు తొట్టి ఉంటే కొట్టు రూపే మారిపోతుంది. అందుకని పోలరాజు ఇటువైపు వచ్చినప్పుడల్లా బావగారి క్షేమం కనుక్కునే మిషతో పైకి వెళ్లి, టీ తాగి, తొట్టిని జానలతో కొలుచుకుని వెళ్లేవాడు. "తొందరేం లేదు బావగారూ. నిదానంగానే కానివ్వండి" అనేవాడు. ఆ ఓదార్పు విన్న రోజు హేమసుందర్ అన్నం తినేవాడు కాదు.

కాబట్టి ఈసారి ఇసుక దగ్గర పొరపాటు జరగకూడదు. వంటింట్లోని గిన్నెలన్నీ హాల్లోకి వచ్చాయి. ఒక గిన్నెలో కనకదుర్గ మేనమామ బందరు నుంచి పంపిన సముద్రపు ఇసుక, నల్లగా. ఒకదాంట్లో గన్నవరం దగ్గర కోళ్లఫారం నుంచి తెచ్చిన ఆల్చిప్పల నూక, గుడ్డు పెంకు గట్టిపడాలని కోళ్లకు పెట్టేది. మరోదాంట్లో పగడపు ముక్కలు, ఊడిపడ్డ పళ్లలా గరుకుగా. చివరి గిన్నెలో చెన్నై నుంచి తెప్పించిన తెల్లటి సన్న ఇసుక. కింద పరిచేదాన్నిబట్టే నీళ్ల గుణం ఉంటుందని, సున్నపు జాతి ఇసుకైతేనే పగడాలు బతుకుతాయని, దానిమీద నిమ్మరసం పిండితే పొంగాలని హేమసుందర్ వీడియోల్లో నేర్చుకున్నాడు. ఒక్కొక్క గిన్నెలో నిమ్మచెక్క పిండి, చెవి ఆనించి వినేవాడు. బందరు ఇసుక పలకలేదు. మిగతావి బుసబుసమన్నాయి.

"సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని పెళ్లి చేసుకుని ఉప్పూ ఇసుకా కొరియర్లో తెప్పించుకుంటున్నారు. మా నాన్న వింటే వల కప్పుకుని పడుకుంటాడు" అని కనకదుర్గ వంటింట్లోంచి సాధించేది. నిమ్మకాయలు అయిపోవడంతో ఆమె సహనం కూడా అయిపోయింది. హాల్లోకి వచ్చి, కొంగు దోపుకుని, గిన్నెల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బేరానికి కూర్చున్నట్టే.

"ఇంతకీ ఏం చేపను పెడతారు?"

"పసుపుపచ్చగా, సన్నగా, వేలంత ఉంటుంది. చిన్నచిన్న పురుగుల్ని ఏరుకుని తింటుంది. భయమేస్తే ఇసుకలో దూరుతుంది" అన్నాడు హేమసుందర్.

కనకదుర్గ పగడపు ముక్కల్ని పిడికిట్లోకి తీసుకుని నలిపి, అరచెయ్యి చూసుకుంది. గీతలు పడ్డాయి. "నా చెయ్యే ఇలా అయితే దాని పొట్ట ఏమవ్వాలి?" అని ఆ గిన్నె పక్కకు తోసింది. ఆల్చిప్పల నూకను ఆఘ్రాణించి, "కోళ్ల వాసన" అని అదీ తోసింది. తెల్ల ఇసుకను వేళ్ల మధ్య జారవిడిచి చూసింది. "ఇది మరీ బొంబాయి రవ్వకన్నా సన్నం. నీళ్లు కదిలితే లేస్తుంది. జల్లెడ పడితే అందులో ఇడ్లీ రవ్వంత నిలుస్తుంది చూడండి, అది కింద వెయ్యండి. పైన కొంచెం సన్నం." వీడియోల్లో ఆ మాటే అంకెల్లో చెబుతారట. ఇడ్లీ రవ్వ అంటే నాకూ అర్థమైంది.

ఆ ఇసుకను కడగడం దగ్గర వచ్చింది అసలు తంటా. సన్న ఇసుకలో పిండి ఉంటుంది, మంచినీళ్లతో తెల్లనీళ్లు రావడం ఆగేదాకా కడగాలి అని చెప్పి హేమసుందర్ డ్యూటీకి వెళ్లాడు. కనకదుర్గ బస్తా విప్పి వాసన చూసింది. సముద్రంలోంచి వచ్చిన సరుకు, కొంచెం నీచు తగిలింది. నీచు తగిలితే ఆమె చేతులు మెదడును అడగవు. గుప్పెడు కల్లుప్పు, గుప్పెడు పసుపు వేసి, చేపముక్కల్ని రుద్దినట్టు రుద్దేసింది. ఒకటికి రెండుసార్లు. సాయంత్రం హేమసుందర్ వచ్చేసరికి పెరట్లో టబ్బునిండా, గుడిలో ప్రసాదానికి కలిపినట్టు, పసుపు ఇసుక.

ఆ మనిషి ముఖం చూసి నాకు నవ్వు ఆగింది కాదు. చెయ్యెత్తి కొట్టే రకమైతే ఏమో గానీ, అతను టబ్బు పక్కన గొంతుక్కూర్చుని, "దుర్గా, పసుపెందుకు?" అని మాత్రం అడిగాడు. "నీచు పోవద్దూ" అంది కనకదుర్గ. తర్వాత టబ్బులోకి చూసుకుని, పసుపంటిన చేతులు కొంగు కింద దాచుకుంది.

ఆమె ఓడిపోయి ఊరుకునే మనిషి కాదు. పసుపు బట్ట ఎండలో తెల్లబడుతుంది కదా అని, ఇసుకను మళ్లీ మళ్లీ జాడించి, నా డాబా మీద పాత చీరలు పరిచి ఆరబోసింది. రోజూ పొద్దున్న తిరగబోసేది. కాకుల్ని తోలడానికి కర్ర పట్టుకుని కూర్చునేది. పక్క డాబావాళ్లు ఈ ఏడు ఏం వడియాలండీ అని అడిగితే, రవ్వ వడియాలు అని చెప్పేది. నేను సాయంత్రం నడక కోసం పైకి వెళ్తే, "చెప్పులు, చెప్పులు" అని కింద వదిలించేది. నా డాబా మీదకు నేను వట్టికాళ్లతో ఎక్కాల్సి వచ్చింది. బెజవాడ ఎండకు ఆ పసుపు నిలవలేదు. పోగా పోగా మీగడ రంగు మిగిలింది. ఆ రంగే బావుందని అందరం అన్నాం, హేమసుందర్ తప్ప.

ఇసుక పరిచి, ఉప్పునీళ్లు పోసి, పగడపు రాళ్లు పేర్చాక ఈసారి అతను తొందరపడలేదు. నీళ్లు కుదురుకోవాలని వారాల తరబడి ఊరికే ఉంచాడు. వచ్చిన చుట్టాలందరికీ ఆ ఖాళీ నీళ్లే చూపించేవాడు. వాళ్లు మర్యాదకు చాలా బావున్నాయండీ నీళ్లు అనేవారు. పోలరాజు మాత్రం రాళ్లు లేకపోతే ఎన్ని కొరమేనులు పడతాయో లెక్కలేసుకునేవాడు.

ఒక గురువారం చేప వచ్చింది. ఒక్కటే. నిజంగానే వేలంత, అచ్చమైన పసుపుపచ్చ. సంచిని తొట్టిలో తేలేసి, కొంచెం కొంచెంగా నీళ్లు కలిపి, హేమసుందర్ దాన్ని వదిలాడు. కనకదుర్గ, నేను, అతను అద్దం ముందు నిలబడ్డాం. ఆ చేప మమ్మల్ని ఒకసారి చూసి, తల కిందికి పెట్టి, సర్రున ఇసుకలోకి పోయింది. ఎక్కడ దూరిందో ఆనవాలు కూడా లేదు. "భయపడింది, వస్తుంది" అన్నాడు హేమసుందర్.

శుక్రవారం రాలేదు. శనివారం డ్యూటీ మానుకుని తొట్టి ముందే కూర్చున్నాడు, రాలేదు. కనకదుర్గ సోఫా కింద, బీరువా వెనక చీపురు పెట్టి చూసింది, ఎగిరి బయట పడిందేమోనని. తొట్టి మీదకు వంగి వాసన చూసింది. మళ్లీ చూసింది. ఆ తర్వాత డాక్టరు బయటికొచ్చి చెప్పినట్టు చెప్పింది. "పోయిందండీ. ఇసుకలోనే పోయింది. కొరమేనైతే బురదలో నెలలు పడుంటుంది, దానికి చెల్లుద్ది. ఇంత నాజూకు చేప తిండీ తిప్పా లేకుండా ఇసుకలో రెండ్రోజులు ఉండటమేంటి? పుట్టిందగ్గర్నుంచీ చేపల్లోనే ఉన్నా, నాకు తెలీదా?"

హేమసుందర్ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆమె అన్నకు ఫోన్ చేసింది.

ఆదివారం బేరాలు ముగిశాక పోలరాజు ట్రాలీ ఆటోలో ఖాళీ డ్రమ్ములు వేసుకుని, దారంతా హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. డ్రమ్ముల్ని మెట్ల మీద దడదడలాడిస్తూ పైకి తెచ్చాడు. నా శ్లాబు గండం గడుస్తోందని నేను సంతోషించాలి. కానీ పైకి వెళ్లి చూస్తే నాకు చాలా బాధేసింది. హేమసుందర్ లైట్లు ఆర్పేసి, పగడపు రాళ్లను ఒక్కొక్కటే తీసి, తడిగుడ్డలో చుట్టి పక్కన పెడుతున్నాడు. ఏ రాయికీ దెబ్బ తగలకుండా. ఇంత ఇష్టంగా ఏ పనైనా చేసిన మనిషిని నేను నా ఆఫీసులో ఒక్కణ్ణి కూడా చూడలేదు. కనకదుర్గ వంటింటి గుమ్మంలో నిలబడి అటు చూడకుండా కొంగు అంచు మడతలు పెడుతోంది. మాట అన్నాక వెనక్కి తీసుకోవడం వాళ్లింట్లో ఎవరికీ అలవాటు లేదు.

"ముందు ఇసుక తోడేద్దాం బావగారూ, బరువు తగ్గుద్ది" అని పోలరాజు చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతిదాకా తొట్టిలో పెట్టాడు. గుప్పెడు ఇసుక ఎత్తాడో లేదో, అతని వేళ్ల సందుల్లోంచి పసుపుపచ్చగా ఏదో జారింది. ఇన్నేళ్లుగా పాముల్లాంటి కొరమేనుల్ని ఉత్తచేతుల్తో పట్టేవాడు, ఆ వేలంత చేపకు అదిరిపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

చేప తొట్టంతా ఒక చుట్టు తిరిగింది. మూతి మీద ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి. అది ముందు అద్దం దగ్గరికి వచ్చి, తల కిందికి పెట్టి, అద్దాన్ని ఆనుకునే మళ్లీ ఇసుకలోకి దూరింది. ఈసారి పూర్తిగా మాయం కాలేదు. ఇసుకకూ అద్దానికీ మధ్య పక్కకు ఒరిగి పడుకున్న పొట్ట కనిపిస్తోంది. మొప్పలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

కనకదుర్గ గుమ్మం దగ్గర్నుంచి వచ్చి, అద్దం ముందు నేలమీద మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు చూసింది.

"ఏం చేస్తోందండీ అది?" అంది.

"నిద్రపోతోంది. ఈ రకం ఇసుకలోనే నిద్రపోతుంది, మన దుప్పటిలాగ. కొత్తచోటైతే కొన్నాళ్లు లేవదట. చెబుదామనుకున్నాను, నమ్మవేమోనని..." అన్నాడు హేమసుందర్. ఇంకా చేతిలో రాయి పట్టుకునే ఉన్నాడు.

కనకదుర్గ వేలితో అద్దాన్ని ముట్టుకోబోయి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది. ఆమె కళ్లనిండా నీళ్లు. "అన్నయ్యా, తట్ట నెత్తికెత్తుకున్న దగ్గర్నుంచీ ఎన్ని చేపల్ని చూశాం మనం. నిద్రపోయే చేపని ఒక్కదాన్నీ చూళ్లేదు" అంది.

పోలరాజు తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని, వంగి తనూ చూశాడు. "మన చేతికొచ్చేసరికి వాటికి నిద్రెక్కడిదే" అన్నాడు. ఎప్పుడూ కొట్టులో అరిచి మాట్లాడే అలవాటు, ఆ మాట హాలంతా మోగింది.

"మెల్లగా మాట్లాడు, లేస్తుంది" అంది కనకదుర్గ. "తొట్టి ఎక్కడికీ రాదు, నువ్వు వెళ్లు. ఆ డ్రమ్ములు చప్పుడు చెయ్యకుండా దింపు."

పోలరాజు చెల్లెలి ముఖం చూశాడు. ఒక డ్రమ్మును రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, చెప్పులు వదిలేసి, ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టాడు. రెండో డ్రమ్ము నేను పట్టుకున్నాను.